కంట్లో ఏమీ లేదన్నారు: నాకు ఎంఎస్ అనే నరాల జబ్బు బయటపడిన తీరు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో లెక్కలు రాస్తాను. ఫిబ్రవరి అంటే మాకు మిర్చి సీజన్. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు ధర తేల్చే తొలి వేలం, అయ్యే వేళకు యార్డులో కాలు పెట్టే సందు ఉండదు. 2025లో ఆ హడావిడిలోనే, నెల రెండో వారంలో, కుడి కంట్లో నొప్పి మొదలైంది. నేరుగా చూస్తే ఏమీ లేదు. కన్ను పక్కకు తిప్పితే మాత్రం గుడ్డు వెనకాల ఏదో పట్టి లాగినట్టు ఉండేది. మార్కెట్‌లో మిర్చి ఘాటుకు అందరికీ కళ్లు మండుతాయి, నీళ్లు కారతాయి. నాకు మంటా లేదు, ఎరుపూ లేదు, నీళ్లూ లేవు.

రెండు మూడు రోజులకు చూపు మధ్యలో మసక వచ్చింది. కళ్లద్దానికి నూనె చేయి తగిలినట్టు ఉంటే తీసి తుడిచాను, మళ్లీ తుడిచాను, పోలేదు. ఆ సాయంత్రమే ఎడమ కంట్లో దుమ్ము పడింది. ఆ కన్ను చేత్తో మూసుకుని, ఒక రైతు విప్పిన తేజ రకం మిర్చి బస్తా వైపు చూశాను. కాయంతా రంగు పోయిన తాలు కాయలా వెలిసిపోయి ఉంది. "సేటు, ఇందులో తాలు చాలా ఉన్నట్టుందే" అన్నాను. "తాలేందిరా, గింత ఎర్రగున్నది!" అని సేటు నా మొహం చూశాడు. చేయి తీసి రెండు కళ్లతో చూస్తే మంచి కాయే. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను తెరిచి చాలాసేపు చూశాను. ఎడమ కంటికి ఎర్ర మిర్చి, కుడి కంటికి ఇటుక పొడి రంగు. భయం అప్పుడు పట్టుకుంది.

మర్నాడు కళ్లద్దాల షాపుకు వెళ్తే మెషీన్‌లో పవర్ ఏమీ మారలేదని వచ్చింది. కానీ కుడి కంటితో చార్టులో పైన ఉండే రెండు వరుసలు తప్ప చదవలేకపోయాను. ఏ అద్దం వేసినా అంతే. షాపతను "డాక్టర్‌కు చూపించన్నా, ఇది అద్దాలతో పోయేది కాదు" అన్నాడు. ఆ మాటకు అతనికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

హన్మకొండలోనే ఒక కంటి ఆస్పత్రికి వెళ్లాను. చీటీ రాయగానే అసిస్టెంట్ వచ్చి రెండు కళ్లలో చుక్కలు వేసి కూర్చోబెట్టింది. ముప్పావు గంటకు పాపలు పెద్దవయ్యాక డాక్టర్ లోపలికి లైటు వేసి చూశారు. "రెటీనా బాగుంది, నరం బాగుంది, కంట్లో ఏమీ లేదు. ఫోన్ తగ్గించు, నిద్ర పో" అని కన్ను తడిగా ఉండే చుక్కల మందు రాసిచ్చారు. బయటికి వచ్చాక ఏమనుకోవాలో తెలియలేదు. ఏమీ లేదన్నారని సంతోషించాలా, కనపడటం లేదని ఏడవాలా? మా బావ బండి మీద వెనక కూర్చుని ఇంటికొచ్చాను. రాత్రికి మసక ఇంకా ముదిరింది, ఎదుటి మనిషి ముఖం ఉండాల్సిన చోట బూడిద రంగు మచ్చ.

రెండు రోజుల తర్వాత అక్క పట్టుబట్టి నక్కలగుట్టలో ఒక పెద్ద వయసు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ చుక్కలు వేయబోతే ఆయనే ఆపారు. గదిలో లైటు తీయించి, టార్చ్ ఎడమ కంటి మీద వేసి, వెంటనే కుడి కంటి మీదికి, మళ్లీ ఎడమకు, మళ్లీ కుడికి తిప్పారు. అక్కను పిలిచి చూపించారు. ఎడమ కంటి మీద వెలుగు పడితే రెండు పాపలూ చిన్నవవుతున్నాయి. అదే వెలుగు కుడి కంటి మీదికి రాగానే అవి పెద్దవవుతున్నాయి. అంటే కుడి కన్ను పంపే కబురు మెదడుకు సరిగా చేరడం లేదన్నమాట. మందు పెట్టే పని లేని, పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. కాకపోతే పాపలు పెద్దవయ్యే చుక్కలు ముందే వేస్తే ఇందులో ఏదీ తెలియదు. ఒక కంటికి ఉన్నట్టుండి చూపు తగ్గి వెళ్లినవాళ్లెవరైనా "చుక్కలకు ముందు టార్చ్‌తో చూస్తారా సార్" అని అడగండి. కోపం వస్తే వచ్చింది.

తర్వాత ఆయన ఒక చుక్కల సీసా ఎర్ర మూత తీసి ఎడమ కంటికి చూపించారు. "ఇది నూరు రూపాయల ఎరుపు అనుకో. ఇప్పుడు కుడి కంటితో చూసి చెప్పు, ఎంత?" ఈ లెక్క నాకు బాగా తెలుసు, మా పనే అది. "ముప్పై కూడా రాదు సార్" అన్నాను. చుక్కల అంకెలుండే రంగుల పుస్తకంలో కుడి కంటికి మొదటి పేజీ తప్ప ఏదీ కనపడలేదు.

"ఆప్టిక్ న్యూరైటిస్" అన్నారు. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరంలో పది పన్నెండు లక్షల పోగులుంటాయట, వాటి చుట్టూ మైలిన్ అనే పొర ఉంటుందట. మన రక్షణ కణాలే దారి తప్పి ఆ పొరను తింటే కబురు నెమ్మదిస్తుంది, కొన్ని పోగుల్లో ఆగిపోతుంది. వాపు కంటిగుడ్డు వెనకాల ఉంటే లోపలికి లైటు వేసి చూసినా నరం మామూలుగానే కనిపిస్తుంది. మూడింట రెండు వంతుల మందిలో మొదట్లో ఇంతేనట. మొదటి డాక్టర్ నరం బాగుందన్నది ఎందుకో అప్పుడు అర్థమైంది. ఎదుట ఉన్నది నిజంగానే బాగుంది, చెడింది దాని వెనకాల.

అదే రోజు ఫీల్డ్ టెస్ట్ చేశారు. గుమ్మటం లాంటి దాంట్లో తల పెట్టి, చిన్న వెలుగు కనపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. ఎడమ కంటికి వేలు నొప్పి పుట్టేదాకా నొక్కాను. కుడి కంటికి మిషన్ పనిచేస్తుందా లేదా అని అడిగాను. ప్రింటులో మధ్యలో నల్లటి మచ్చ వచ్చింది.

ఎంఆర్‌ఐకి మర్నాడు సాయంత్రం స్లాట్ దొరికింది. బ్రెయిన్, కంటి నరాలు రెండూ కలిపి, కాంట్రాస్ట్ మందుతో 11,000 చిల్లర అయింది. డబ్బు కట్టాక కిడ్నీకి సంబంధించిన క్రియాటినిన్ రిపోర్టు అడిగారు. అది లేక మళ్లీ ల్యాబ్‌కు పరుగు. లోపల ముప్పావు గంట. తల మీద జాలీ లాంటిది బిగిస్తారు, చెవుల్లో దూది పెట్టినా డమడమా మోత ఆగదు. కన్ను కదపొద్దంటారు, అదే కష్టం.

రిపోర్టు మర్నాడు మధ్యాహ్నం ఫోన్‌కు వచ్చింది. కుడి ఆప్టిక్ నరం మందు పట్టి మెరుస్తోందని, మెదడులో చాలా చోట్ల మచ్చలున్నాయని, డీమైలినేషన్ (ఆ మైలిన్ పొర పోవడం) అని రాసి ఉంది. బావ ఆ మాట ఫోన్‌లో కొట్టి చూశాడు. నాకు ఏమీ చెప్పకుండా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. రాత్రి అందరూ పడుకున్నాక నేనూ చూశాను. మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎంఎస్: మన రక్షణ కణాలే మెదడు, వెన్ను నరాల పొరను తినే జబ్బు. మొదట వచ్చిన బొమ్మలన్నీ చక్రాల కుర్చీలే. ఆ రాత్రి నేను లెక్కపెట్టుకున్నది నా వయసు ఒక్కటే, ఇరవై ఎనిమిది.

హన్మకొండలోనే న్యూరాలజిస్ట్‌ను కలిశాం. ఎంఆర్‌ఐ ఫిలింలు లైటు పెట్టె మీద పెట్టి చాలాసేపు చూసి, "ఇంతకుముందు కాళ్లు చేతులు మొద్దుబారడం ఏమైనా అయిందా?" అని అడిగారు. అయింది. 2022లో ఎడమ అరికాలు కొన్ని వారాలు మొద్దుగా ఉంటే, బీ12 తక్కువని ఇంజెక్షన్లు వేశారు, దానంతట అదే పోయింది. ఆయన తల ఊపారు. కొన్ని మచ్చలు మందు పట్టి మెరిశాయి, కొన్ని మెరవలేదు. మెరిసినవి కొత్తవి, మెరవనివి పాతవి. ఒకసారి కాదు, ఇంతకుముందూ నడిచిన జబ్బని అలా తెలుస్తుందట.

స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందే రక్తం తీసి రెండు యాంటీబాడీ పరీక్షలకు పంపారు, ఏక్యూపీ4 అని ఒకటి, ఎంఓజీ (మాగ్) అని ఒకటి. ఇలాగే కంటి నరాన్ని కొట్టే వేరే జబ్బులున్నాయి, వాటికి ఎంఎస్ మందులు కొన్ని ఇస్తే మేలు పోయి కీడు జరుగుతుందట. దానికి ఆరు వేలు దాటింది. రిపోర్టుకు వారం పైనే పట్టింది. మొత్తం మీద నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ వారమే. ఏదో ఒకటి తేలితే చాలనిపించింది, రెండూ మంచివి కాకపోయినా.

మిథైల్ ప్రెడ్నిసలోన్ రోజుకు ఒక గ్రాము, ఐదు రోజులు సెలైన్‌లో ఎక్కించారు. ఒక్కో సీసా వెయ్యి పైన. మందు ఎక్కుతుండగానే నోట్లో ఇనుము చేదు మొదలవుతుంది. నర్సు చెప్పింది కాబట్టి పుల్లటి చాక్లెట్లు దగ్గర పెట్టుకున్నాను. రాత్రిళ్లు నిద్ర అసలే లేదు. మూడింటికి లేచి దుకాణం లెక్కలన్నీ పూర్తి చేశాను, అంత శుభ్రంగా ఎన్నడూ రాయలేదు. రెండో రోజు నుంచి ఎక్కిళ్లు, గంటల తరబడి. ఇది కూడా ఆ మందు వల్లేనట. ఆకలి మాత్రం వింతగా ఉండేది, అన్నం తిన్న గంటకే మళ్లీ గిన్నెలు వెతుక్కునేవాణ్ని. షుగర్ లేనివాణ్నే, 240 దాకా పోయి, మందు ఆపాక దిగింది.

మా వాడలో ఇంజెక్షన్లు వేసే ఆయన "గవే స్టెరాయిడ్లు గోలీల రూపంలో వేసుకుంటే సరిపోయేది, ఇన్ని పైసలెందుకు" అన్నాడు. డాక్టర్‌ను అడిగాను. 1992లో అమెరికాలో వచ్చిన పెద్ద పరిశోధనలో, తక్కువ మోతాదు గోలీలు మాత్రమే వాడినవాళ్లకు ఇది తిరిగి రావడం ఎక్కువైందని తేలిందట. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పారు: సెలైన్‌లో ఎక్కించినా చూపు త్వరగా వస్తుందే తప్ప, ఆరు నెలలకో ఏడాదికో చివరికి వచ్చే చూపులో పెద్ద తేడా ఉండదు. "మరెందుకు సార్?" అంటే "ఇంకో నెల మార్కెట్‌కు పోకుండా ఉండగలవా?" అన్నారు. ఉండలేను.

అమ్మ భద్రకాళికి మొక్కుకుంది, నాకు దిష్టి తీసింది. అప్పటికి నాకు సంబంధాలు చూస్తున్నారు. "ఎవలకు చెప్పకు కొడుకా. చూస్తే మంచిగనే ఉన్నవ్ గదా" అంది. చూస్తే మంచిగానే ఉన్నాను, నిజం. కన్ను ఎర్రబడలేదు, మెల్ల లేదు, కట్టు కట్టలేదు. దుకాణంలో హమాలీలు కూడా "సెలవు పెట్టి తిరుగుతున్నవా అన్నా" అని నవ్వేవాళ్లు. కట్టు ఉంటే బాగుండనిపించిన రోజులున్నాయి.

యాంటీబాడీలు రెండూ నెగెటివ్ వచ్చాక, మార్చిలో వెన్ను నీళ్ల పరీక్షకు, రెండో అభిప్రాయానికి హైదరాబాద్ వెళ్లాం. కాజీపేటలో పొద్దున రైలెక్కితే సికింద్రాబాద్‌కు రెండు గంటల పైన. స్టేషన్‌లో బోర్డు మీద అక్షరాలు ఎడమ కంటితోనే చదువుకున్నాను. వెన్ను పరీక్ష అంటే చాలామంది భయపెట్టారు. పక్కకు పడుకుని మోకాళ్లు కడుపులోకి ముడవమన్నారు, మత్తు సూది నొప్పి తప్ప పెద్దగా ఏమీ కాలేదు. అసలు బాధ తర్వాత. మర్నాడు లేచి కూర్చుంటే తల పగిలిపోయేంత నొప్పి, పడుకుంటే మాయం. మూడు నాలుగు రోజులు అలాగే. నీళ్లు, కాఫీ బాగా తాగమన్నారు. దీనికి ముందే దుకాణంలో వారం సెలవు అడిగిపెట్టుకోవడం మంచిది. పది రోజులకు ఆలిగోక్లోనల్ బ్యాండ్స్ ఉన్నాయని రిపోర్టు వచ్చింది. మెదడు, వెన్ను లోపలే ఈ గొడవ నడుస్తోందనడానికి గుర్తట అది. ఆ రోజు న్యూరాలజిస్ట్ కాగితం మీద ఎంఎస్ అని రాశారు.

హైదరాబాద్‌లోనే వీఈపీ పరీక్ష కూడా చేశారు. టీవీ తెర మీద నలుపు తెలుపు గళ్లు తారుమారవుతుంటాయి, మధ్య చుక్కను చూస్తూ కూర్చోవాలి. తల వెనక వైర్లు అంటించి, కంటి కబురు మెదడు వెనక భాగానికి చేరడానికి ఎంత సమయం పట్టిందో కొలుస్తారు. నేను అమ్మ రాసిన కొబ్బరి నూనెతో వెళ్లాను, వైర్లు అంటుకోలేదు. టెక్నీషియన్ ఎదురు కొట్లో షాంపూ ప్యాకెట్ తెచ్చుకుని బాత్రూంలో తల కడుక్కు రమ్మంది. నూనె లేకుండా, మీ కళ్లద్దాలతో, చుక్కలు వేయించుకోకుండా వెళ్లండి. ఎడమ కన్ను 102 మిల్లీసెకన్లు, కుడి కన్ను 141. మామూలుగా వంద దగ్గర ఉండాలి. నాలుగు వారాలుగా నేను చెబుతున్నది ఒక కాగితం మీద అంకెగా కనపడటం అదే మొదటిసారి. దాన్ని మడిచి పర్సులో పెట్టుకున్నాను, అమ్మకు చూపించడానికి.

చూపు మార్చి నుంచే నెమ్మదిగా తిరిగి వచ్చింది. ముందు నొప్పి పోయింది, తర్వాత మచ్చ అంచులు పలచబడ్డాయి, రంగులు అన్నిటికంటే ఆఖరున. ఏప్రిల్ చివరికి చార్టులో కింది నుంచి రెండో వరుస దాకా చదివాను. అందరూ తగ్గిపోయిందన్నారు.

రోడ్డు దాటేటప్పుడు మాత్రం తేడా తెలిసేది. హన్మకొండ చౌరస్తాలో అడ్డంగా వచ్చే ఆటో ఎంత దూరంలో ఉందో అంచనా అందేది కాదు. ఒక వైపు నుంచి వచ్చేది నా మీదికి ఒరిగినట్టు, ఇంకో వైపు నుంచి వచ్చేది దూరంగా పోతున్నట్టు ఉండేది. గ్లాసులో చాయ్ పోస్తే బల్ల మీద పడేది. డాక్టర్‌కు చెబితే ఒక దారానికి పెన్ను కట్టి అటూ ఇటూ ఊపారు. అది నాకు గుండ్రంగా తిరుగుతున్నట్టు కనపడింది. ఒక కంటి కబురు ఆలస్యంగా చేరితే మెదడు దూరాల లెక్క తప్పుతుందట, దీన్ని పుల్‌ఫ్రిచ్ అంటారు. కావాలంటే మంచి కంటి వైపు అద్దానికి కాస్త రంగు వేయించుకోవచ్చన్నారు. నేను బైక్ మానేసి, ఆగస్టు దాకా బావ వెనకో, ఆటోలోనో తిరిగాను. ఆటో ఖర్చు ఎవరూ లెక్కేయరు గానీ, అది కూడా వేలల్లోకే వచ్చింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం యార్డులో ఎండలో తిరిగి వచ్చేసరికి కుడి కంటికి మసక మళ్లీ దిగింది. కాళ్లు వణికాయి. తిరగబెట్టిందనుకుని డాక్టర్‌కు ఫోన్ చేస్తే "కూలర్ ముందు కూర్చుని అరగంట తర్వాత చెప్పు" అన్నారు. అరగంటకు పోయింది. పొర పోయిన నరం ఒళ్లు వేడెక్కితే కబురు మోయలేదట. ఉథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టర్ 1890లోనే దీన్ని రాసిపెట్టాడు. కొత్త దెబ్బ కాదు, చల్లబడితే పోతుంది. జ్వరంలోనూ, బాగా వేడి నీళ్ల స్నానంలోనూ వస్తుంది. వేడి, జ్వరం లేకుండా ఏదైనా కొత్త లక్షణం ఇరవై నాలుగు గంటలు దాటి ఉంటేనే వెంటనే రమ్మన్నారు. ఈ ఒక్క మాట ఫిబ్రవరిలోనే చెప్పి ఉంటే ఆ మధ్యాహ్నం అంత భయపడేవాణ్ని కాదు. ఓరుగల్లు ఎండల్లో ఉండేవాళ్లకు ఇది ముందే చెప్పాల్సిన సంగతి. నేనిప్పుడు తడి తువ్వాలు మెడకు చుట్టుకుని తిరుగుతాను, కాంటా పనులు పదకొండు లోపు ముగించుకుంటాను.

మళ్లీ రాకుండా డైమిథైల్ ఫ్యూమరేట్ క్యాప్సూల్స్ మొదలుపెట్టారు. మొదటి వారం 120 మిల్లీగ్రాములు రెండు పూటలా, తర్వాత 240. నెలకు నాలుగు వేల పైచిలుకు. మామూలు మందుల షాపుల్లో ఉండదు, ముందే చెప్పి తెప్పించుకోవాలి. వేసుకున్న గంటకు ముఖం, మెడ ఎర్రగా కందిపోతాయి. "పొద్దున్నే మొదలుపెట్టినవా" అని సేటు అడిగాడు. అన్నం కడుపు నిండా తిన్నాక వేసుకుంటే తగ్గింది. మూడు నెలలకోసారి తెల్ల కణాల లెక్క చూపించుకోవాలి. ఇప్పటిదాకా అన్నీ కలిపి ఖర్చు లక్షన్నర దాటింది. ఇన్సూరెన్స్ వాళ్లు అడ్మిట్ అయిన రోజుల బిల్లు ఇచ్చారు, బయట చేయించిన పరీక్షలకు ఏమీ రాలేదు. వికలాంగుల సర్టిఫికెట్‌కు పెట్టుకోమని ఎవరో అన్నారు. 2016 చట్టంలో ఈ జబ్బు పేరుంది. కానీ నలభై శాతం వైకల్యం ఉంటేనే ఆ లాభాలు, నా కాగితాల మీద అంత లేదు.

సెప్టెంబర్‌లో చార్టు 6/6, అంటే మామూలు చూపు, వచ్చింది. అదే రోజు ఓసీటీ, అంటే కంటి లోపలి పొరల మందం కొలిచే స్కాన్, తీశారు. ఫిబ్రవరిలో తీసినప్పుడు రెండు కళ్లూ ఒకేలా ఉన్నాయి. ఇప్పుడు నరం పొర మందం ఎడమ కంట్లో 98 మైక్రాన్లు, కుడి కంట్లో 76. వాపు తగ్గాక, చచ్చిన పోగుల లోటు బయటపడటానికి కొన్ని నెలలు పడుతుందట. అవి మళ్లీ మొలవవు. మిగిలినవాటితోనే నేను 6/6 చదువుతున్నాను. చార్టులో అక్షరాలు నల్లగా, పెద్దగా, కదలకుండా ఉంటాయి కాబట్టి. మబ్బు పట్టిన సాయంత్రం పాలిపోయిన కార్బన్ చీటీ మీద అంకెలు ఇప్పటికీ ఎడమ కంటికే కనిపిస్తాయి. తాలు వేరు చేసే దగ్గర నా మాట ఒక్కటే పట్టుకోవద్దని సేటుకు చెప్పేశాను. "నీకు తెల్వకుండనే గిన్నేండ్లు నేన్ చూస్తలేనా" అన్నాడాయన.

పరకాల నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మ వద్దన్నా నా జబ్బు ఫైలు మొత్తం వాళ్ల ముందు పెట్టాను. అమ్మాయి వాళ్ల నాన్న చాలాసేపు చదివి, పిల్లలకు వస్తుందా అని అడిగాడు. తల్లి నుంచో తండ్రి నుంచో నేరుగా దిగే జబ్బు కాదని, మామూలు వాళ్లకంటే అవకాశం కొంచెం ఎక్కువ గానీ చాలా తక్కువేనని డాక్టర్ చెప్పింది చెప్పాను. అమ్మాయే ఫోన్ చేసి డాక్టర్ దగ్గరికి తనూ వస్తానంది. వాళ్ల నాన్న ఇంకా ఏ సంగతీ చెప్పలేదు.

తర్వాతి ఎంఆర్‌ఐ ఫిబ్రవరిలో పడింది. సీజన్‌లో సెలవు దొరకదని బతిమాలి జనవరికి మార్పించుకున్నాను. అమ్మాయి కూడా ఆ రోజే వస్తుంది. క్రియాటినిన్ పరీక్ష మాత్రం ఈసారి ముందు రోజే చేయించుకుంటాను, పాత రిపోర్టు తీసుకోరు.